స్కిజోఫ్రేనియా ఉన్న మనిషికి నికోటిన్ ప్యాచ్, గమ్: వాడి చూశాక నా రివ్యూ

రేటింగ్ ముందే చెప్పేస్తాను. ప్యాచ్‌కి ఐదుకి నాలుగు, గమ్‌కి ఐదుకి రెండున్నర. రెండూ సిగరెట్ మానడానికి వాడేవే, ప్యాచ్ ఒంటికి అంటించుకునేది, గమ్ నమిలేది. వాడింది నేను కాదు, మా తమ్ముడు. వాడికి స్కిజోఫ్రేనియా ఉంది, అంటే లేని గొంతులు వినిపించడం, అనుమానాలు లాంటివి ఉండే మానసిక జబ్బు. చాలా ఏళ్ళుగా దానికిచ్చే క్లోజపిన్ అనే మందు మీద ఉన్నాడు, దాదాపు అన్నేళ్ళుగానూ సిగరెట్ల మీద ఉన్నాడు. ఇది రాయడానికి వాడు ఒప్పుకున్నాడు, రాసింది చదివి కొన్ని చోట్ల "అక్కా, ఇది ఇలా కాదు" అని సరిచేయించాడు కూడా.

మామూలు రివ్యూల్లో ప్యాచ్ సరిగ్గా అంటుకుంటుందా, దురద పెడుతుందా, సిగరెట్ మీదికి మనసు పోకుండా ఆపుతుందా అనే ఉంటాయి. అవన్నీ కింద రాస్తాను. కానీ మా ఇంట్లో ప్యాచ్ కొనేముందు అందరికీ ఉన్న ప్రశ్న వేరు. సిగరెట్ తాగేటప్పుడే వాడు నలుగురిలో నిలబడతాడు, ఒక మాట అంటాడు, ఎదుటివాళ్ళు అన్నదానికి నవ్వుతాడు, అది తీసేస్తే మళ్ళీ గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటాడని అమ్మ భయం. ఈ జబ్బున్నవాళ్ళని చూసుకునేవాళ్ళలో చాలామంది ఇదే మాట అంటారు. సిగరెట్‌లోని నికోటిన్ నిజంగానే మనుషుల్ని అర్థం చేసుకునే శక్తి ఇస్తుంటే, అదే నికోటిన్ ప్యాచ్‌లోంచి వచ్చినా ఇవ్వాలి కదా? మేం చూసిందీ నేను చదివి తెలుసుకున్నదీ కలిపి చెప్తే, ప్యాచ్ వాడి చిరాకుని ఆపింది, ధ్యాస కొంచెం నిలబెట్టింది, ఎదుటి మనిషి మనసులో ఏముందో పట్టుకోవడం మాత్రం నేర్పలేదు. అది నేర్పుతుందని కొంటే డబ్బు వృథా. పొగ నుంచి బయటపడటానికైతే కొనాల్సిన వస్తువే.

ఈ జబ్బుకీ సిగరెట్‌కీ ఉన్న ముడి చాలా గట్టిది. 2005లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ 20 దేశాల నుంచి 42 రోగుల బృందాల లెక్కలు తీసుకుని చూస్తే, స్కిజోఫ్రేనియా ఉన్నవాళ్ళలో సగటున 62 శాతం మంది పొగ తాగుతున్నారు. ఈ జబ్బున్నవాళ్ళు మిగతావాళ్ళ కన్నా 15 నుంచి 20 ఏళ్ళు ముందే చనిపోతున్నారని చాలా దేశాల లెక్కలు చెప్తున్నాయి, అందులో పెద్ద వాటా గుండె జబ్బులదీ ఊపిరితిత్తుల జబ్బులదీ. అంటే వాళ్ళని తీసుకుపోతున్నది చాలాసార్లు చెవిలో వినిపించే గొంతులు కాదు, పొగ. "పాపం వాడికి ఉన్న సుఖం అదొక్కటే, ఎందుకు ఆపడం" అని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. ప్రేమతోనే అంటారని తెలుసు, అయినా వస్తుంది.

ఆ మాట వెనక కొంత సైన్స్ ఉందని ఒప్పుకోవాలి. రాబర్ట్ ఫ్రీడ్‌మన్ అనే సైకియాట్రిస్ట్, కొలరాడో విశ్వవిద్యాలయంలో ఆయన బృందం కలిసి ఏళ్ళ తరబడి ఒక పరీక్ష మీద పనిచేశారు. అర సెకను తేడాతో రెండు క్లిక్ శబ్దాలు వినిపించి మెదడు స్పందనని కొలుస్తారు, ఆ స్పందన పేరు పి50. మామూలుగా మెదడు మొదటి శబ్దానికి గట్టిగా, రెండోదానికి చాలా తక్కువగా స్పందిస్తుంది, "ఇది విన్నదే, పట్టించుకోనక్కర్లేదు" అన్నట్టు. స్కిజోఫ్రేనియా ఉన్న చాలామందిలో ఈ తగ్గింపు జరగదు, రెండో శబ్దమూ మొదటిదంత బలంగానే లోపలికి వస్తుంది. 1990ల మొదట్లో ఇదే బృందం రోగులు సిగరెట్ తాగాక ఈ స్పందన కాసేపు మామూలుగా మారుతుందని చూపించింది. దీని వెనక ఆల్ఫా-7 అనే నికోటిన్ గ్రాహకం (నికోటిన్ తగిలితే స్పందించే, మెదడు కణాల మీది భాగం) ఉందని, దాని జన్యువు 15వ క్రోమోజోమ్ మీద ఉందని కూడా వాళ్ళ పని చెప్పింది. ఇది చదివాక మా తమ్ముడు గుంపులో ఎందుకు తల పట్టుకుంటాడో నాకు కొంత అర్థమైంది. ఫ్యాన్ చప్పుడు, పక్క గది టీవీ, వీధిలో హారన్, తనతో మాట్లాడుతున్న మనిషి గొంతు, అన్నీ ఒకే బరువుతో చెవిలో పడుతుంటే ఎదుటివాళ్ళ ముఖం ఏం చెప్తోందో చూసే ఓపిక ఎక్కడ మిగులుతుంది?

కానీ "కాసేపు" అన్న దగ్గర ఆగాలి. ఆల్ఫా-7 గ్రాహకం నికోటిన్ తగలగానే మేలుకుంటుంది, అంతే త్వరగా మొద్దుబారిపోతుంది. సిగరెట్ పీల్చిన 10 నుంచి 20 సెకన్లలో నికోటిన్ మెదడుకి చేరుతుంది, ఒక్కసారిగా పైకి లేస్తుంది, తర్వాత పడిపోతుంది, పడిపోయాక ఇంకో సిగరెట్ కావాలి. ప్యాచ్‌లో ఈ ఎత్తుపల్లాలు లేవు, రోజంతా సన్నగా ఒకే స్థాయిలో వస్తుంది. కాబట్టి సిగరెట్ తాగిన వెంటనే వాడి ముఖంలో కనిపించే ఆ వెలుగు ప్యాచ్‌తో కనిపించదు. మొదటి వారం అమ్మ అదే వెతికింది. కనిపించక దిగులు పడింది. ప్యాచ్ పని అది కాదని ముందే ఎవరైనా చెప్పుంటే ఆ దిగులు ఉండేది కాదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. పొగాకు కంపెనీల లోపలి కాగితాలు బయటపడ్డాక వాటిని చదివిన పరిశోధకులు 2008లో ఒక వ్యాసం రాశారు. ఈ రోగులకి సిగరెట్ ఒక రకం మందులా పనిచేస్తుందన్న ఆలోచనకి ఊతమిచ్చే పరిశోధనలకి కంపెనీలే డబ్బు పెట్టాయని, ఆసుపత్రుల్లో పొగ నిషేధం నుంచి మానసిక వార్డులకి మినహాయింపు కోసం ప్రయత్నాలు జరిగాయని అందులో ఉంది. అలాగని పి50 పరీక్ష అబద్ధమైపోదు. కానీ మన ఇళ్ళల్లో "వాడికది మందులాంటిది" అని ఎంత తేలిగ్గా అనేస్తామో, ఆ మాట ఇంతగా పాకడం వల్ల ఎవరికి లాభమో ఒకసారి ఆలోచించాలి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను, మనుషుల్ని అర్థం చేసుకోవడం. పరిశోధకులు దీన్ని సోషల్ కాగ్నిషన్ అంటారు, అందులో ముఖ్యంగా నాలుగు పనులు చూస్తారు: ముఖంలో, గొంతులో భావాన్ని గుర్తుపట్టడం, ఎదుటి మనిషి ఏమనుకుంటున్నాడో ఊహించడం, నలుగురు కలిసిన చోట ఏం జరుగుతోందో గ్రహించడం, ఏదైనా జరిగితే దానికి కారణం ఎవరి మీద వేస్తామన్నది. పేర్లు పెద్దవే, ఇంట్లో ఇవి చాలా చిన్నగా కనిపిస్తాయి. నేను పని చేసి అలసిపోయి ముఖం వేలాడేసుకుని వస్తే "నా మీద కోపమా?" అంటాడు. "ఇక్కడ బాగా ఉక్కగా ఉంది కదా" అంటే "అవును" అని ఊరుకుంటాడు, కిటికీ తీయమంటున్నానని తోచదు. పక్కింటివాళ్ళు నవ్వుతుంటే తనని చూసే నవ్వుతున్నారనుకుంటాడు. దీనికి పరీక్షలు కూడా ఉన్నాయి, కళ్ళ ఫోటో మాత్రం చూపించి ఆ మనిషి ఏ భావంతో ఉన్నాడో చెప్పమనేది (2001లో సవరించిన రూపంలో 36 ఫోటోలు ఉంటాయి), చిన్న సంభాషణ చదివి వినిపించి అందులో ఒకరు అన్న మాటకి అసలు అర్థమేంటో అడిగేది. స్కిజోఫ్రేనియా ఉన్నవాళ్ళకి ఇలాంటి వాటిలో సగటున తక్కువ మార్కులు వస్తాయి. ఉద్యోగం నిలబెట్టుకోవడం, స్నేహాలు నిలబడటం లాంటి వాటికి గొంతులు వినిపించడం కన్నా ఈ సామర్థ్యానికే ఎక్కువ సంబంధం కనిపిస్తోందని చాలా అధ్యయనాలు చెప్పాయి. అంటే ఇది చిన్న సంగతి కాదు, బతుకుతెరువు సంగతి.

నికోటిన్ దీన్ని మారుస్తుందా? ధ్యాస విషయంలో మంచి సాక్ష్యమే ఉంది. ఇందులో ఒక మెలిక అర్థం చేసుకోవాలి. పొగ తాగే మనిషికి కొన్ని గంటలు సిగరెట్ ఆపి, పరీక్ష పెట్టి, తర్వాత నికోటిన్ ఇచ్చి మళ్ళీ పెడితే మార్కులు పెరుగుతాయి. ఆ పెరుగుదల నికోటిన్ చేసిన మేలా, లేక సిగరెట్ లేక పడిపోయిన బుర్ర మళ్ళీ మామూలు స్థాయికి రావడమా అన్నది అలా తేలదు. అందుకే అసలు పొగ తాగని రోగులకి ప్యాచ్ పెట్టి చేసిన పరీక్షలకి విలువ ఎక్కువ. 2008లో అలాంటి ఒక అధ్యయనంలో ఒక్క ప్యాచ్‌తోనే ధ్యాస మెరుగైంది, తొందరపడి చేసే తప్పులు తగ్గాయి. ముఖాలు చదవడం, ఎదుటివాళ్ళ ఉద్దేశం ఊహించడం దగ్గరికి వచ్చేసరికి మాత్రం చేసిన అధ్యయనాలు తక్కువ, చిన్నవి, ఫలితాలు ఒక వైపుకి మొగ్గలేదు. ఆల్ఫా-7 గ్రాహకాన్నే పట్టుకుని పనిచేసేలా తయారుచేసిన ఎన్‌సెనిక్లిన్ అనే మందు మొదట ఆశ రేపి 2016లో మూడో దశ ప్రయోగాల్లో నిలబడలేదు.

మా ఇంట్లో చూసింది దీనికి సరిగ్గా సరిపోయింది. ప్యాచ్ పెట్టుకున్న రోజుల్లో వాడు నేను చెప్పేది మధ్యలో వదిలేయకుండా వింటాడు, అడిగినదానికి జవాబు చెప్తాడు. కానీ నా అలసిన ముఖం అప్పటికీ వాడికి కోపంగానే కనిపించేది. వినే ఓపిక వచ్చింది, విన్నదాని వెనక ఉన్నది పట్టుకోవడం రాలేదు.

మరి సిగరెట్ తాగేటప్పుడు వాడు నలుగురిలో కలిసేవాడు కదా, అదేమైనట్టు? దీని గురించి నేను చాలా ఆలోచించాను, వాడినీ అడిగాను. వాడు చెప్పిన జవాబు నాకు ఏ పేపర్‌లోనూ దొరకలేదు. "సిగరెట్ తాగేచోట ఏం మాట్లాడాలో ముందే తెలుసక్కా" అన్నాడు. లైటర్ అడగాలి, థ్యాంక్స్ చెప్పాలి, పక్కన నిలబడాలి, ఒకరి కళ్ళలోకి ఒకరు చూడక్కర్లేదు, ఇద్దరూ ఎటో చూస్తూ పొగ వదులుతారు, సిగరెట్ అయిపోగానే వెళ్ళిపోవచ్చు, ఎందుకు వెళ్తున్నావని ఎవరూ అడగరు. మొదలూ చివరా స్పష్టంగా ఉన్న కలయిక అది. ముఖాలు చదవడం కష్టమైన మనిషికి అంతకన్నా సుఖమైన చోటు ఏముంటుంది! ఆ కలుపుగోలుతనంలో చాలా వాటా నికోటిన్‌ది కాదు, ఆ చోటుది, ఆ పద్ధతిది. దానికి తోడు గంటకోసారి వచ్చే విత్‌డ్రాయల్ చిరాకు (నికోటిన్ అందక వచ్చేది) ఆ సిగరెట్‌తో తగ్గుతుంది కాబట్టి మనిషి మెత్తబడినట్టు కనిపిస్తాడు. ప్యాచ్ ఆ చిరాకుని ఆపగలదు, ఆ చోటుని ఇవ్వలేదు. ప్యాచ్ కొనేవాళ్ళు ఈ రెండో దానికి ముందే వేరే ఏర్పాటు చేసుకోవాలి. మేం సాయంత్రం నడకకి ఇద్దరం కలిసి వెళ్ళడం మొదలుపెట్టాం, పక్కపక్కన నడుస్తాం కాబట్టి ముఖాలు చూసుకోనక్కర్లేదు, ఫలానా మలుపు దాకా వెళ్ళి తిరిగొస్తాం అని ముందే తెలుసు. వాడి పాత స్నేహితుడొకడు వారంలో కొన్నిసార్లు మాతో నడుస్తాడు, అతను పొగ తాగడు. మాటలు తక్కువే, అయినా వస్తున్నాడు, వీడూ తలుపు తీసుకుని బయటికి వస్తున్నాడు.

ఇక వస్తువు సంగతి. ప్యాచ్‌లు రెండు రకాలు, 24 గంటలు ఉంచుకునేవి, 16 గంటలు ఉంచుకుని రాత్రి తీసేసేవి. మేం వాడింది మొదటి రకం, 21, 14, 7 మిల్లీగ్రాముల్లో వస్తుంది. రోజుకి పదికి మించి సిగరెట్లు తాగేవాళ్ళు 21తో మొదలుపెట్టి మెల్లగా దిగాలని పెట్టె మీదే ఉంటుంది. మావాడికి డాక్టర్ గారు ఆ దిగడాన్ని పెట్టె మీద రాసిన వారాల కన్నా బాగా సాగదీశారు, తొందరేమీ లేదన్నారు. అంటుకోవడం బాగుంది, స్నానం చేసినా ఊడలేదు, చెమట ఎక్కువ పట్టిన రోజుల్లో అంచులు లేస్తాయి. చర్మం ఎర్రబడుతుంది, రోజూ చోటు మారిస్తే, అంటే ఈరోజు కుడి భుజం, రేపు ఎడమ, ఎల్లుండి ఛాతీ పైన అలా మారిస్తే తగ్గుతుంది. పెట్టుకునే చోట లోషన్, నూనె లాంటివి రాయకూడదు. తీసేసిన ప్యాచ్‌లో ఇంకా నికోటిన్ మిగిలి ఉంటుంది, లోపలికి మడిచి పిల్లలకి, కుక్కలకి అందకుండా పారేయాలి. కొన్ని రకాల్లో వెనక పొరలో అల్యూమినియం ఉంటుంది కాబట్టి ఎంఆర్‌ఐకి వెళ్తే ముందే తీసేయాలి.

రాత్రిళ్ళు కలలు. ఇది చాలా రివ్యూల్లో ఒక్క ముక్కలో ఉంటుంది, "కలలు కాస్త ఎక్కువొస్తాయి" అని. స్కిజోఫ్రేనియా ఉన్న మనిషికి ఇది ఒక్క ముక్కలో తేల్చే సంగతి కాదు. మా తమ్ముడికి చాలా స్పష్టమైన కలలు వచ్చాయి, లేచాక అది కలా నిజమా అని తేల్చుకోవడానికి చాలాసేపు పట్టేది, ఒక్కోసారి నన్ను లేపి అడిగేవాడు. డాక్టర్ గారిని అడిగి పడుకునేముందు తీసేయడం మొదలుపెట్టాం, కలలు తగ్గాయి. పొద్దున లేవగానే సిగరెట్ కోసం ఒళ్ళు పీకడం మాత్రం పెరిగింది, ఎందుకంటే కొత్త ప్యాచ్ అందుకోవడానికి కొన్ని గంటలు పడుతుంది. ఆ పొద్దుటి పూట కోసమే గమ్ తెచ్చాం.

ఇంకొకటి, ఏ పెట్టె మీదా రాయనిది. ఒంటికి ఏదో అంటించడమంటేనే అనుమానం వచ్చే మనుషులు వీళ్ళు. "ఇందులో ఏముంది? ఎవరు పంపారు?" అని మొదట్లో అడిగాడు. నవ్వలేదు, వాదించలేదు, పెట్టె వాడి చేతికే ఇచ్చి తెరవమన్నాం, కాగితం మొత్తం వాడే చదివాడు, ఎక్కడ అంటించుకోవాలో వాడే చూసుకున్నాడు, ఎప్పుడు కావాలంటే అప్పుడు పీకేయొచ్చని చెప్పాం. పీకేస్తే అయిపోతుందన్న ఆ ధైర్యమే వాడిని ఒప్పించింది. మాత్ర మింగాక వెనక్కి తీసుకోలేం, దీన్ని తీసుకోవచ్చు. నాలుగు స్టార్లలో ఒక స్టార్ దీనికే ఇచ్చాను.

గమ్‌కి తక్కువ ఇచ్చాను, ఎందుకో చెప్తాను. దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా నమలకూడదు. కొంచెం నమిలి, నాలుక మీద కారంగా, చురుక్కుమన్నట్టు అనిపించగానే ఆపి బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టుకోవాలి, ఆ చురుకు తగ్గాక మళ్ళీ కొంచెం నమలాలి, అలా అరగంట. నికోటిన్ నోటి చర్మం గుండానే వెళ్ళాలి, గబగబా నమిలి మింగితే పొట్టలో మంట, ఎక్కిళ్ళు. కాఫీ, పళ్ళరసం లాంటి పుల్లటివి తాగిన పావుగంట దాకా పెట్టుకోకూడదు, నోట్లో పులుపు ఉంటే నికోటిన్ సరిగ్గా ఎక్కదు. ధ్యాస నిలవడమే కష్టమైన మనిషికి ఇన్ని నియమాలు పెట్టే వస్తువిది. పైగా క్లోజపిన్‌తో వాడికి ముందే నోట్లో లాలాజలం ఎక్కువ ఊరుతుంది, గమ్‌తో ఇంకా ఊరి, ఊరింది మింగి, ఎక్కిళ్ళు. మందుల వల్ల దవడ తనంతట తాను కదిలే ఇబ్బంది ఉన్నవాళ్ళకి కూడా గమ్ సుఖంగా ఉండదు. 2, 4 మిల్లీగ్రాముల్లో వస్తుంది, లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ వెలిగించేవాళ్ళకి 4 కావాలి. రుచి గురించి చెప్పడానికేం లేదు. మంచి మాట ఏంటంటే, ప్యాచ్ ఒక్కటే వాడటం కన్నా ప్యాచ్‌తో పాటు గమ్ లాంటిది ఇంకొకటి కలిపితే మానేసేవాళ్ళ సంఖ్య పెరుగుతుందని గట్టి సాక్ష్యం ఉంది, మాకూ ఆ పొద్దుటి పూట అదే గట్టెక్కించింది. గమ్ పడనివాళ్ళు చప్పరించే బిళ్ళలు అడిగి చూడండి, వాటిని నమిలి ఆపి మళ్ళీ నమిలే పని లేదు.

ఇప్పుడు రాసేది మాత్రం దయచేసి దాటేయకండి. సిగరెట్ మానితే కొన్ని మందుల స్థాయి రక్తంలో పెరిగిపోతుంది. కారణం నికోటిన్ కాదు, పొగ. పొగలో ఉండే కొన్ని రసాయనాలు కాలేయంలో సివైపీ1ఏ2 అనే ఎంజైమ్‌ని ఎక్కువగా తయారయ్యేలా చేస్తాయి, ఆ ఎంజైమ్ క్లోజపిన్‌ని, ఈ జబ్బుకే వాడే ఓలాంజపిన్ అనే ఇంకో మందుని త్వరగా విరిచేస్తుంది. అందుకే పొగ తాగేవాళ్ళకి ఈ మందులు ఎక్కువ డోసులో ఇస్తారు. పొగ ఆపగానే కొద్ది రోజుల్లోనే ఆ ఎంజైమ్ తగ్గుతుంది, అదే డోసు ఇప్పుడు ఎక్కువైపోతుంది, క్లోజపిన్ అయితే రక్తంలో సగానికి సగం, ఒక్కోసారి అంతకన్నా పెరగొచ్చు. విపరీతమైన మత్తు, తల తిరగడం, నోట్లో నీళ్ళు కారడం, మలబద్ధకం, మరీ ఎక్కువైతే ఫిట్స్ కూడా. ప్యాచ్‌లో పొగ లేదు కాబట్టి ఆ ఎంజైమ్‌ని ప్యాచ్ నిలబెట్టదు, "నికోటిన్ ఇస్తూనే ఉన్నాం కదా, డోసు అలాగే ఉండొచ్చు" అనుకోవడానికి లేదు. మేం మొదలుపెట్టే ముందే డాక్టర్ గారికి చెప్పాం, రక్తంలో క్లోజపిన్ స్థాయి ముందొకసారి, తర్వాత మళ్ళీ చూశారు, డోసు మెల్లగా తగ్గించారు. ఎదురు దిశలోనూ ఇదే లెక్క: మానేసి, డోసు తగ్గించాక మళ్ళీ సిగరెట్ మొదలుపెడితే మందు చాలకుండా పోయి జబ్బు తిరగబెట్టొచ్చు. కాబట్టి ఒకవేళ జారితే దాచకూడదని, తిట్టబోమని వాడితో ముందే ఒప్పందం చేసుకున్నాం. కాఫీలోని కెఫీన్‌ని కూడా ఇదే ఎంజైమ్ విరుస్తుంది, పొగ మానాక అంతే కాఫీ తాగితే గుండె దడ, నిద్ర పట్టకపోవడం, టెన్షన్ వస్తాయి, ఇంట్లోవాళ్ళు అది చూసి జబ్బు తిరగబెట్టిందని కంగారు పడతారు. మేం కొన్న పెట్టెలో మందుల డోసు గురించిన మాట మడతల మధ్యలో చాలా చిన్న అక్షరాల్లో ఉంది. పెట్టె పైనే పెద్దగా ఉండాల్సిన మాట అది. ప్యాచ్‌కి ఐదో స్టార్ ఇవ్వకపోవడానికి అదే కారణం.

మొదటి వారాల్లో చిరాకు, నిద్ర లేకపోవడం, దేనిమీదా మనసు నిలవకపోవడం మామూలు విత్‌డ్రాయల్‌లో భాగం, మొదటి వారంలో ఎక్కువగా ఉండి రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గుతాయి. గొంతులు పెరగడం, అనుమానాలు పెరగడం ఆ లెక్కలోకి రావు, అవి కనిపిస్తే ఎదురుచూడకుండా డాక్టర్‌కి ఫోన్ చేయాలి. మాకు ఈ తేడా ముందే కాగితం మీద రాసిచ్చారు, అది చాలా పనికొచ్చింది.

ప్యాచ్ పనిచేయనివాళ్ళకి వరెనిక్లిన్ అనే మాత్ర ఉంది. మానసిక జబ్బులున్నవాళ్ళకి అది ప్రమాదమని చాలాకాలం భయం ఉండేది. 2016లో వచ్చిన ఈగిల్స్ అనే ప్రయోగంలో ఎనిమిది వేల మందికి పైగా ఉన్నారు, వాళ్ళలో సగం మంది మానసిక జబ్బులున్నవాళ్ళే. వరెనిక్లిన్, బుప్రోపియాన్ (సిగరెట్ మానడానికి వాడే ఇంకో మాత్ర), ప్యాచ్, మందు లేని ఉత్తుత్తి మాత్ర, నాలుగింటినీ పోల్చి చూస్తే వరెనిక్లిన్‌తో మానసిక ఇబ్బందులు చెప్పుకోదగ్గట్టు పెరగలేదు, మానేసినవాళ్ళు మాత్రం ఎక్కువ. అదే ఏడాది చివర్లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వరెనిక్లిన్ పెట్టె మీది తీవ్ర హెచ్చరికని తీసేసింది. బుప్రోపియాన్‌కి ఫిట్స్ వచ్చే అవకాశం పెంచే గుణం ఉంది, క్లోజపిన్‌కీ ఉంది, అందుకే మావాడి విషయంలో ఆ ఆలోచనే చేయలేదు.

మనుషుల్ని చదవడం నేర్పేవి వేరే ఉన్నాయి. స్కిట్ (సోషల్ కాగ్నిషన్ అండ్ ఇంటరాక్షన్ ట్రెయినింగ్) అనే శిక్షణలో చిన్న గుంపుగా కూర్చుని ముఖాల్లో భావాలు గుర్తుపట్టడం, తొందరపడి ఒక నిర్ణయానికి రాకుండా "ఇంకే కారణమైనా ఉండొచ్చా?" అని తమని తాము ప్రశ్నించుకోవడం సాధన చేస్తారు. జర్మనీలోని హాంబర్గ్‌లో తయారైన మెటాకాగ్నిటివ్ ట్రెయినింగ్ (తన ఆలోచనల్ని తానే గమనించుకోవడం నేర్పే) పాఠాలు చాలా భాషల్లో ఉచితంగా దొరుకుతాయి. ముఖాల్లో భావాలు గుర్తుపట్టడం స్కిట్ లాంటి శిక్షణల వల్ల మెరుగవుతుందని చాలా ప్రయోగాలు చూపించాయి. ప్యాచ్ ఇచ్చిన ఆ కాస్త ధ్యాసని ఇక్కడ ఖర్చు పెట్టాలని నాకనిపిస్తోంది. ఒంట్లో నికోటిన్ ఎగుడుదిగుడుగా ఉన్న రోజుల్లో వాడిని అంతసేపు కూర్చోబెట్టడమే అయ్యేది కాదు. ఇప్పుడు కూర్చుంటున్నాడు. మొన్న నేను విసుగ్గా ఉన్నప్పుడు "కోపమా" అని కాకుండా "కోపమా, అలసటా?" అని అడిగాడు. అది ప్యాచ్ పని కాదు, ఆ పాఠాల పని, కానీ పాఠాల దాకా తెచ్చింది ప్యాచే.

ఎవరు కొనొచ్చంటే, మందులు స్థిరంగా ఉండి, తనకి తానుగా మానాలనో తగ్గించాలనో అనుకుంటున్నవాళ్ళకి, పక్కన ఒకరు తోడున్నవాళ్ళకి ప్యాచ్ మంచి వస్తువు. ఇంట్లోవాళ్ళు బలవంతంగా అంటించడానికి కొనకండి, మర్నాడే చెత్తబుట్టలో దొరుకుతుంది. కొత్తగా గుండెపోటు వచ్చినవాళ్ళు, గర్భిణులు డాక్టర్‌ని అడక్కుండా వాడకూడదు. క్లోజపిన్ గానీ ఓలాంజపిన్ గానీ వాడుతున్నవాళ్ళయితే రక్తపరీక్ష తేదీ, డాక్టర్ అపాయింట్‌మెంట్ ఖాయం చేసుకున్నాకే పెట్టె తెరవండి. ఆ వారం డాక్టర్ దొరక్కపోతే ఇంకో వారం ఆగి మొదలుపెట్టండి.